కథీడ్రల్ ఆర్గానిస్టు కొలువు

చి. సుధకు,

కథీడ్రల్ ఆర్గానిస్టునవుతానంటున్నావు కదా, అంటే బిషప్పుగారి పెద్ద గుడిలో పైపు ఆర్గాన్ వాయించే కొలువు. ముందు బతుకుతెరువు మాట. పారిస్ నోట్రడామ్‌లో పియర్ కోషెరో 1955 నుంచి 1984లో పోయేదాకా వాయించాడు. ఆయన పేరు నిలిచింది మనోధర్మం వల్లే, అంటే అప్పటికప్పుడు అల్లి వాయించడం వల్ల. అంతటివాడూ ఒక పక్క నీస్‌లో, తర్వాత లియాన్‌లో సంగీత కళాశాల నడిపాడు. ఆయన తర్వాత 1985లో ఆ కొలువును నలుగురికి పంచారు. వాళ్లలో ఒలివియర్ లాట్రీకి అప్పుడు 23 ఏళ్లు. కాబట్టి పాఠం చెప్పడం కూడా నేర్చుకో.

ఇక ఆ మనోధర్మంలో అసలు కష్టం. మన రాగాలాపనలో ఎంతసేపన్నది చాలావరకు పాడేవాళ్ల ఇష్టం. పూజలో అలా కుదరదు. కానుకల సమర్పణ ఒకరోజు రెండు నిమిషాలు, ఒకరోజు ఐదు. ఫాదర్ చేతులు కడుక్కుంటున్నారంటే నువ్వు ముగింపులో ఉండాలి. బలిపీఠం నీ వెనక ఎక్కడో దూరాన ఉంటుంది. అద్దంలోనో కెమెరా తెరమీదో చూస్తూ వాయించాలి. అందుకే మొదలుపెట్టడం కన్నా ముగించడం ఎక్కువ సాధన చెయ్యి. ఎవరినైనా చప్పట్లు కొట్టమను, చప్పట్లు వినబడ్డాక ఎనిమిది దెబ్బల్లో ఆపు. కాళ్లతో నొక్కే పెడల్ మీద పంచమం పట్టి ఉంచితే, పైన చేతులు ఎంత దూరం పోయినా షడ్జమానికి దిగిరావచ్చు.

సాధనకు గ్రెగోరియన్ కీర్తనలోంచి, అంటే చర్చిలో ఒకే వరసగా పాడే పాత లాటిన్ పాటలోంచి, నాలుగైదు స్వరాల ముక్క చాలు. ముందు నోటితో పాడు. తర్వాత రెండే గొంతుల్లో, అంటే ఒకేసారి నడిచే రెండు స్వరవరసలుగా, వాయించు. ఆపైన ఆ ముక్కను పెడల్‌కివ్వు, నాలుగు అడుగుల రీడ్ స్టాప్ బయటికి లాగి. స్టాప్ అంటే ఒక రకం పైపుల వరసను పలికించే మీట; నాలుగడుగులది ఒక స్థాయి పైన, పదహారడుగులది ఒక స్థాయి కింద పలుకుతుంది. చేతులు దానికి పైనా కిందా తిరగొచ్చు. కార్డులు, అంటే ఒకేసారి కలిపి పట్టే స్వరాలు, అప్పుడే వద్దు.

పెద్ద గుడిలో శబ్దం కొన్ని సెకన్లు గాలిలో నిలుస్తుంది. కింది స్థాయిలో కార్డులు గబగబా మారిస్తే పాతది పోకముందే కొత్తది మీద పడి అంతా బురదైపోతుంది. ఎడమచేత్తో కింది స్థాయిలో షడ్జమంతో గాంధారం కలిపి పట్టకు, పదహారడుగుల స్టాపు ఉంటే అసలే వద్దు. ఒకే స్వరం మళ్లీ కొట్టేటప్పుడు మధ్యలో వేలు బాగా ఎత్తు. హాల్లోంచి తిరిగొచ్చే ధ్వని కోసం ఆగావా, లయ జారిపోతుంది, వేళ్లనే నమ్ముకో.

2019లో నోట్రడామ్ మంటల్లో అక్కడి ఆర్గాన్ కాలలేదు గానీ సీసపు ధూళి పట్టింది. సుమారు 8,000 పైపుల ఆ ఆర్గాన్‌ను విప్పి శుభ్రం చేశారు. గుడి మళ్లీ తెరిచిన 2024 డిసెంబరు 7న ఆర్చిబిషప్ ఎనిమిదిసార్లు ఆర్గాన్‌ను పిలిస్తే, ఆర్గానిస్టులు ఎనిమిదిసార్లూ అప్పటికప్పుడు అల్లి జవాబిచ్చారు. ఆ రికార్డింగు విని, ఒక్కో జవాబు ఎక్కడ ఆపారో రాసి పంపు.

పెడల్స్‌కి సన్నని తోలు అడుగున్న బూట్లు కొనుక్కో. వాటితో వీధిలో నడవకు; ఇసుక అంటితే పెడళ్లు గీసుకుపోతాయి.

ఆశీస్సులతో,
నాన్న