పీతగాడికి

ఒరేయ్ పీతా,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది. ఆలస్యానికి ఎంత తిట్టినా పడతాను. అమ్మ మోకాళ్లు కాస్త నయం. చెల్లి సంబంధం కుదరలేదు. ఇంటి సంగతులు అంతే. నీకు చెప్పాల్సింది వేరే ఉంది, నాలుగు రోజులుగా కడుపులో ఆగడం లేదు.

మంగళవారం తెల్లారకుండానే బాబాయి ఫోన్. "చెరువు దగ్గరికి రా, వలలో చిరుతపులి పిల్ల పడింది!" ఉన్నపళంగా బండి తీశాను. అప్పటికే గట్టు మీద పదిహేను మంది, చేతుల్లో కర్రలు, ఒకడి దగ్గర గునపం. పిట్టలు దిగకుండా బాబాయి కట్టిన వల లేదూ, అందులో చుట్టుకుపోయి బుస్సుమంటోంది. ఒంటినిండా నల్ల మచ్చలు. తోక చూశాను, పొట్టిది. చిరుతకి అంత పొట్టి తోకేమిటి? బావురుపిల్లిరా! కోరింగ అభయారణ్యంలో బోర్డు మీద బొమ్మ చూసి "అచ్చం లెక్కల మాస్టారి చూపు" అన్నావే, అదే.

నీళ్లలో దూకి చేపని పట్టుకునే పిల్లి కదా, దాని గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. ఆ గోళ్లే వలకి తగులుకున్నాయి. లాగే కొద్దీ తాడు కాలిలోకి కోసుకుపోతోంది. నేను అడ్డంగా నిలబడి అరిచాను: "1972 వన్యప్రాణి చట్టంలో పులి ఏ షెడ్యూల్లో ఉందో ఇదీ అందులోనే ఉంది, కొడితే జైలే!" గునపం దిగింది. బాబాయి మాత్రం "మరి నా చేపలకి ఎవడు జవాబు చెబుతాడ్రా?" అన్నాడు. ఆయన బాధా అబద్ధం కాదు, మేత అప్పు ఇంకా తీరలేదు.

అప్పుడు 96 నవంబరు తుపాను గుర్తు చేశాను. మడ అడవి అడ్డం ఉండబట్టే బతికామని ఏటా చెప్పేది ఆయనే కదా! ఆ మడలోదే ఈ పిల్లి. పైగా ఆ చెరువున్న చోటేదో నీకు తెలుసు, నీ బొటనవేలికి ఇంకా బాగా తెలుసు. మన చిన్నప్పుడు అదంతా మడే. 1978లోనే అక్కడ అభయారణ్యం గీత గీశారు సరే, ఆ గీత ఎక్కడుందో పిల్లికెలా తెలుస్తుంది? బాబాయి ఇంకేం అనలేదు. తనే గోనెపట్టా తెచ్చాడు.

అటవీశాఖ వాళ్లు వచ్చేదాకా జనాన్ని దూరంగా ఉంచాం. వాళ్లు తల మీద పట్టా కప్పి, వల కోసి, కాలికి మందు రాసి, కాలవ ఒడ్డున వదిలారు. పరిగెడుతుందనుకున్నాను. లేదు. ఒక్కసారి ఒళ్లు దులుపుకుని మెల్లగా నీళ్లలోకి దిగిందిరా! చప్పుడే లేదు. తల మాత్రం కనిపిస్తూ అవతలి మడ వేళ్లలోకి వెళ్లిపోయింది. మాట రాలేదు నాకు. నువ్వు పక్కన ఉండాల్సింది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. గురువారం పొద్దున 216 హైవే మీద, తాళ్లరేవు దాటాక, ఏదో బండి కింద పడి ఒకటి చచ్చిపోయి ఉంది. దిగి ముందుకాలు చూశాను. గాయం లేదు. మనది కాదు. హమ్మయ్య అనుకున్నాను, వెంటనే అలా అనుకున్నందుకు... ఏమోరా, అదీ ఎక్కడికో చేపకోసం బయల్దేరిందే కదా.

బాబాయి నిన్న వల కింది అంచు మూరెడు పైకి కట్టాడు. అది చాలదు, కంతలు చిన్నవి ఉన్న వల వేయిద్దామని లెక్క వేస్తున్నాం, నువ్వు వచ్చినప్పుడు

మేత లారీ వచ్చింది, బాబాయి కేకలు. సంక్రాంతికి తప్పకుండా రా, కాలవ దగ్గరికి రాత్రిపూట వె