రెప్పలు పెంచే సీరమ్ మన దగ్గర ఎందుకు దొరకదంటే

మన పార్లర్‌కు వచ్చే అక్కచెల్లెళ్ళందరికీ నమస్కారం. పెళ్ళిళ్ళ సీజన్ దగ్గరపడేకొద్దీ రెండు ప్రశ్నలు ఎక్కువగా వస్తున్నాయి. "రెప్ప వెంట్రుకలు పెరిగే సీరమ్ ఉందా?" అని ఒకటి, "ఐబ్రోస్ ఒత్తుగా రావడానికి ఏమైనా చేస్తారా?" అని ఇంకొకటి. సీరమ్ మేం అమ్మం. మీరు కొనుక్కొచ్చి పెట్టమన్నా పెట్టం. టింట్ (రంగు వేయడం), లాష్ లిఫ్ట్ (రెప్ప వెంట్రుకలు మందుతో పైకి వంచడం), ఎక్స్‌టెన్షన్లు (అదనపు రెప్ప వెంట్రుకలు అతికించడం) చేస్తాం, కానీ ఈ నెల నుంచి ముందుగా ప్యాచ్ టెస్టు, అంటే చర్మం మీద కొద్దిగా పెట్టి చూసే అలర్జీ పరీక్ష, చేయించుకున్నవాళ్ళకే. కంటితో పని కాబట్టి "మా రూల్ అంతే" అని పంపేయకుండా కారణాలన్నీ ఇక్కడే రాస్తున్నాం. తీరిగ్గా చదవండి.

రెప్పలను నిజంగా పెంచుతుందని రుజువై, అందుకోసం అమెరికాలో అనుమతి పొందిన మందు ఒక్కటే, బైమాటోప్రాస్ట్. ఇది మొదట నీటికాసులకు, అంటే గ్లాకోమాకు వేసే చుక్కల మందు. ఆ చుక్కలు వేసుకున్నవాళ్ళకు రెప్పలు పొడుగ్గా, నల్లగా పెరగడం డాక్టర్లు గమనించారు. తర్వాత అదే 0.03 శాతం మందుకు రెప్పల కోసమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. 16 వారాలు రోజూ రాస్తే పొడవు సగటున 25 శాతం పెరిగిందని అనుమతికి ముందు చేసిన పరీక్షల్లో తేలింది. మామూలుగా రెప్ప వెంట్రుక నెల, నెలన్నర పెరిగి ఆగిపోతుంది. తర్వాత మూడు నెలలకు పైగా అలాగే ఉండి రాలిపోతుంది. ఈ మందు ఆ పెరిగే కాలాన్ని పొడిగిస్తుంది, అంతే. కొత్త కుదుళ్ళు పుట్టించదు. ఆపేస్తే కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో రెప్పలు పాత స్థితికే వస్తాయి. కాబట్టి నెల రోజుల్లో పెళ్ళి పెట్టుకుని ఇప్పుడు మొదలుపెడితే ముహూర్తానికి కనిపించే మార్పేమీ ఉండదు.

ఇక నష్టాలు. కళ్ళు ఎర్రబడటం, దురద, మంట మామూలుగా వచ్చేవి. రెప్ప మీది చర్మం నల్లబడవచ్చు. మన చర్మం రంగుకు అది అచ్చం నిద్రలేమి వల్ల వచ్చే నల్లటి వలయాల్లా కనిపిస్తుంది. చాలామంది దానికి విడిగా డార్క్ సర్కిల్స్ క్రీములు కొంటుంటారు, ఇటు సీరమ్ మాత్రం ఆపరు. సీరమ్ మానేస్తే ఈ నలుపు సాధారణంగా నెమ్మదిగా తగ్గుతుంది. కంటిలోని రంగు భాగం మరింత గోధుమరంగుకు మారితే మాత్రం పాత రంగు తిరిగి రాదు. నల్ల కళ్ళవాళ్ళకు ఇది తెలియకపోవచ్చు, తేనెరంగు కళ్ళున్నవాళ్ళకు తెలుస్తుంది. మాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఇంకోదాని గురించి. కొందరికి కంటి చుట్టూ ఉండే కొవ్వు తగ్గి, పై రెప్ప మీద గుంట పడినట్టవుతుంది, కళ్ళు లోపలికి పోయినట్టు కనిపిస్తాయి. అందం కోసం మొదలుపెట్టిన మందు పాతికేళ్ళ ముఖానికి నలభై ఏళ్ళ కళ్ళు తెచ్చిపెడుతుంది. మందు కారిన చోటల్లా, చెంప మీద కూడా, వెంట్రుకలు మొలవొచ్చు.

ఇది డాక్టరు చీటీ మీద కొనాల్సిన మందు. ఇబ్బందేమిటంటే, ఆన్‌లైన్‌లో "హెర్బల్", "నేచురల్" అని అమ్మే కొన్ని సీరమ్‌లలో దీని చుట్టాల్లాంటి రసాయనాలే ఉంటాయి. ఐసోప్రొపైల్ క్లోప్రోస్టెనేట్ అనీ, డీక్లోరో డైహైడ్రాక్సీ డైఫ్లూరో ఈథైల్‌క్లోప్రోస్టెనోలమైడ్ అనీ పేర్లు. ఇవి గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితాను ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఏ పేరులోనైనా "ప్రోస్ట్" (prost) అనే ముక్క కనిపిస్తే అది ఈ కుటుంబానిదే. జాబితానే లేని సీసా అయితే ఇంకా ప్రమాదం, అలాంటిది కంటి దగ్గరికి తీసుకుపోవద్దు. ప్యాంథెనాల్, పెప్టైడ్, హయలురోనిక్ యాసిడ్ మాత్రమే ఉన్నవి అంత హాని చేయవు. ఉన్న వెంట్రుక మెత్తబడి విరగకుండా ఉంటుంది, దానికి మించి ఆశించొద్దు.

గర్భంతో ఉన్నవాళ్ళు, పాలిచ్చేవాళ్ళు, నీటికాసులకు ఇప్పటికే చుక్కలు వేసుకుంటున్నవాళ్ళు, కంట్లో వాపు లేదా ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్ళు, ఈ మధ్య కంటి ఆపరేషన్ అయినవాళ్ళు కంటి డాక్టరుని అడగకుండా ఇలాంటివి అస్సలు ముట్టుకోకూడదు. అదే కుటుంబపు మందు రెండు రూపాల్లో పడితే కంటి ఒత్తిడి తగ్గించే పని దెబ్బతినే అవకాశం ఉంది.

డాక్టరే రాసిచ్చిన సందర్భంలో వాడే పద్ధతి ఇదీ. రాత్రి ముఖం కడిగి, మేకప్ పూర్తిగా తీసేసి, కాంటాక్ట్ లెన్సులు ఉంటే తీసెయ్యాలి. శుభ్రమైన బ్రష్ మీద ఒక్క చుక్క వేసి, పై రెప్ప అంచున, వెంట్రుక కుదుళ్ళ వరసలో లోపలి మూల నుంచి బయటి మూల దాకా ఒక్కసారి గీయాలి. కారిందంతా వెంటనే టిష్యూతో అద్దెయ్యాలి. రెండో కంటికి కొత్త బ్రష్. కింది రెప్పకు పెట్టకూడదు, కన్ను మూసి తెరిచినప్పుడు తగిలేదే చాలు. సీసా మూతి దేనికీ తగలనివ్వకూడదు. లెన్సులు 15 నిమిషాల తర్వాతే. ఒక రాత్రి మర్చిపోతే మర్నాడు రెట్టింపు వేయొద్దు. రోజుకు రెండుసార్లు రాస్తే త్వరగా పెరగదు, ఇబ్బందులు మాత్రం పెరగొచ్చు.

ఆముదం గురించి అడగనివాళ్ళు లేరు. ఆముదం రాస్తే కొత్త వెంట్రుకలు వస్తాయనడానికి గట్టి రుజువు లేదు. వెంట్రుకకు జిడ్డు పట్టి నల్లగా, లావుగా కనిపిస్తుంది, విరగడం తగ్గుతుంది. కనుబొమలకు రాత్రిపూట బియ్యపు గింజంత రాసుకుంటే తప్పేమీ లేదు. రెప్ప అంచున మాత్రం వద్దు. అక్కడ కన్నీటికి నూనె అందించే చిన్న గ్రంథుల నోళ్ళు ఉంటాయి, చిక్కటి నూనె వాటిని మూసేస్తే కురుపులు లేస్తాయి. గానుగలో ఆడించిన నూనె కంట్లో వేసుకునేంత శుభ్రంగా ఉండదు కూడా. సుర్మా, ఊరూ పేరూ లేని కాటుక కూడా అంతే. కొన్నిటిలో సీసం ఉంటుంది, పసిపిల్లలకైతే ససేమిరా వద్దు.

తిరుమల కొండ మీద కల్యాణకట్టలో గుండు చేయించుకుంటే జుట్టు ఒత్తుగా వస్తుందని మనందరం వింటూ పెరిగాం. అదే ధైర్యంతో కనుబొమలు బ్లేడుతో గీయించుకుంటామని కాలేజీ పిల్లలు వస్తున్నారు. వెంట్రుక కొస సహజంగా సన్నగా ఉంటుంది. గీసేశాక మొలిచేది మొద్దుగా, చదునుగా ఉంటుంది కాబట్టి చేతికి దట్టంగా తగులుతుంది. కుదుళ్ళ సంఖ్య ఒక్కటి కూడా పెరగదు. కనుబొమలు గీయడం మేం చేయం.

కనుబొమలు పలచబడితే ముందు కారణం చూడాలి. బయటి చివర మూడో వంతు పలచబడి, దాంతోపాటు నీరసం, బరువు పెరగడం, జుట్టు రాలడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి, ముందుగా టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయించుకుంటే చాలు. రూపాయి బిళ్ళంత మేర ఉన్నట్టుండి నున్నగా అయితే పేనుకొరుకుడు కావచ్చు. దానికి చర్మ డాక్టరు దగ్గర వైద్యం ఉంది. పొట్టు రాలుతుంటే చుండ్రు కావచ్చు. కనుబొమ ఊడటంతో పాటు ఒంటి మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు. కుష్ఠు అయినా ఇప్పుడు మాత్రలతో పూర్తిగా నయమవుతుంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందు ఉచితం. మన తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, థైరాయిడ్‌కు స్విమ్స్ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ (హార్మోన్ల జబ్బుల విభాగం) ఉంది. వీటిలో ఏదున్నా త్రెడింగ్ కుర్చీలో కూర్చుంటే తేలదు. మాకు అనుమానం వస్తే త్రెడింగ్ చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళమంటాం, దయచేసి మనసు కష్టపెట్టుకోవద్దు.

రెప్పలు రాలుతుంటే అద్దం దగ్గర పెట్టుకుని కుదురు చూడండి. వెంట్రుక మొదట్లో గొట్టంలా చుట్టుకున్న తెల్లటి పొట్టు ఉంటే రెప్ప వాపు గానీ, డెమోడెక్స్ అనే కంటికి కనిపించని పురుగు గానీ అయ్యుండొచ్చు. గోరువెచ్చటి గుడ్డ ఐదు నుంచి పది నిమిషాలు మూసిన కళ్ళ మీద ఉంచి, తర్వాత రెప్ప అంచు మెల్లగా తుడవాలి. తగ్గకపోతే అరవింద్ కంటి ఆసుపత్రిలోనో, మీకు దగ్గరున్న కంటి ఆసుపత్రిలోనో చూపించుకోండి. ఈ స్థితిలో ఎక్స్‌టెన్షన్లు పెట్టించుకుంటే పొట్టు జిగురు కింద ఇరుక్కుని సమస్య రెట్టింపవుతుంది.

ఏ జబ్బూ లేకుండా త్రెడింగ్ మరీ ఎక్కువై పలచబడినవాళ్ళు పది పన్నెండు వారాలు కనుబొమ పై వరస ముట్టనివ్వకండి. కింద చెదురుమదురుగా ఉన్నవి మాత్రం తీయిస్తే చాలు. ఒకే కుదుర్ని ఏళ్ళ తరబడి పీకితే అది చచ్చిపోతుంది, ఏ సీరమూ లేపలేదు. తల జుట్టు పెరగడానికి రాసే మినాక్సిడిల్ 2 శాతం ద్రావణాన్ని డాక్టర్లు కొందరికి కనుబొమలకు రాయిస్తారు. నుదుటి మీద, చెంపల మీద నూగు రావడం, దురద దాని ఇబ్బందులు. కళ్ళలోకి పోనివ్వకూడదు, రెప్పలకు అసలే కాదు. కనుబొమ ట్రాన్స్‌ప్లాంట్ అయితే తల వెనక నుంచి తీసిన వెంట్రుక తల వెంట్రుకలాగే పొడుగు పెరుగుతూ పోతుంది, జీవితాంతం కత్తిరించుకోవాలి. మైక్రోబ్లేడింగ్, అంటే కనుబొమల చర్మాన్ని సన్నటి బ్లేడుతో గీసి రంగు నింపడం, మన దగ్గర లేదు. బయట చేయించుకునేవాళ్ళు బ్లేడు, రంగు గిన్నె రెండూ మీ కళ్ళ ముందే కొత్త ప్యాకెట్ విప్పుతున్నారో లేదో చూడండి. గాయమైన చోట మచ్చ ఉబ్బే ఒళ్ళయితే చేయించుకోవద్దు.

ఇక మన సర్వీసుల సంగతి. తలకు వేసే డై, "నల్ల గోరింటాకు" కనుబొమలకు వేయమని అడిగితే వేయం. అసలు గోరింటాకు ఎరుపే పండుతుంది. నలుపు వచ్చిందంటే చాలాసార్లు పీపీడీ అనే రసాయనం కలిసిందన్నమాట. 1930ల్లో అమెరికాలో లాష్ లూర్ అనే రెప్పల రంగులో ఉన్నది ఇదే జాతి రసాయనం. కొందరికి చూపు పోయింది, ఒకరు చనిపోయారు కూడా. ఒకసారి దీనికి అలర్జీ వస్తే జీవితాంతం ఉంటుంది, కాబట్టి తలకు డై వేసుకున్నప్పుడు దురద, వాపు వచ్చినవాళ్ళు ముందే చెప్పండి. ప్యాచ్ టెస్టుకు చెవి వెనక గానీ, మోచేయి మడతలో గానీ వాడబోయే అదే రంగు, అదే జిగురు కొద్దిగా పెట్టి 48 గంటలు చూస్తాం. ఎర్రబడినా, దురద పుట్టినా ఆ సర్వీసు చేయం. అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాం.

ఎక్స్‌టెన్షన్ల జిగురు సైనోఅక్రిలేట్. గాలిలోని తేమతో గట్టిపడుతుంది. అందుకే మన ఊళ్ళో మే నెల పొడి ఎండల్లో అది నెమ్మదిగా ఆరి, ఆవిరి ఎక్కువసేపు కళ్ళను మండిస్తుంది. నవంబరు వానల్లో క్షణాల్లో ఆరి పెళుసవుతుంది, మూడో రోజుకే రాలిపోతాయి. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటేనే పెడతాం, మీటరు గోడకే ఉంటుంది, మీరూ చూడొచ్చు. ఒక అసలు వెంట్రుకకు ఒక్కటే, చర్మానికి అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దూరంలో అతికించాలి. పలచటి రెప్పలకు 0.05 నుంచి 0.07 మిల్లీమీటర్ల సన్నవి చాలు. 0.20 మందం కావాలని ఎంత అడిగినా పెట్టం. ఆ బరువుకు కుదురు లాగబడి వెంట్రుక శాశ్వతంగా ఊడిపోవచ్చు. ఊడదీయాలంటే మన దగ్గరికి రండి, చేత్తో పీకొద్దు. ఫెవిక్విక్ లాంటి ఇన్‌స్టంట్ జిగురుతో ఇంట్లో అతికించుకోవడం మరీ ప్రమాదం.

లాష్ లిఫ్ట్ మందు థయోగ్లైకోలేట్, జుట్టు స్ట్రెయిటెనింగ్‌లో వాడే రకానిదే. కంపెనీ చెప్పిన నిమిషాలు దాటితే రెప్పలు ముడుచుకుపోయి విరుగుతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల లోపు మళ్ళీ చేయం, చేశాక 24 గంటలు తడి తగలకూడదు. ఎక్కడ చేయించుకున్నా కంట్లో మందు పడితే లెన్సు తీసేసి 15–20 నిమిషాలు మంచినీళ్ళతో ఆపకుండా కడిగి, నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్ళండి. ముఖం వాచి ఊపిరాడకపోతే ఇంటి చిట్కాల జోలికి పోకుండా క్యాజువాల్టీకి.

కీమో తీసుకుంటున్నవాళ్ళకు ఎక్స్‌టెన్షన్, లిఫ్ట్ రెండూ చేయం. కీమో అయిపోయాక కొన్ని నెలల్లో రెప్పలు, కనుబొమలు సాధారణంగా తిరిగి వస్తాయి. అంతవరకు ఐబ్రో పెన్సిల్, పౌడరుతో మీ ముఖానికి సరిపోయేలా గీసుకోవడం మేం నేర్పిస్తాం, దానికి డబ్బు తీసుకోం.

పెళ్ళికూతుళ్ళకు మా సలహా: ఆ ఒక్కరోజు కోసం లేటెక్స్ లేని జిగురుతో స్ట్రిప్ లాషెస్, గోరువెచ్చటి నీళ్ళకు ఊడొచ్చే మస్కారా. రాత్రికే తీసేసుకోవచ్చు. పెళ్ళికి రెండు నెలల ముందు ఒకసారి వచ్చి కనుబొమల ఆకారం చూపించుకుంటే త్రెడింగ్ ఎక్కడ ఆపాలో చెబుతాం. మన దగ్గర త్రెడింగ్ దారం నోట్లో పెట్టుకోం, మెడకు తగిలిస్తాం. ఒక్కొక్కరికీ కొత్త దారం.

ప్యాచ్ టెస్టు సోమవారం, గురువారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు, ఉచితం. పది నిమిషాల పని. ఇంతకుముందే ప్యాకేజీ డబ్బు కట్టినవాళ్ళు ఈ కొత్త పద్ధతి నచ్చకపోతే రసీదు తీసుకొచ్చి మొత్తం వెనక్కి తీసుకోండి. ఇంట్లో సగం వాడిన సీరమ్ ఉంటే పెట్టెతో సహా పట్టుకురండి, లేబుల్ కలిసి చదువుదాం.