జిమ్ ట్రైనర్‌ని పెట్టుకునే ముందు

అందరికీ నమస్కారం. మన వాకింగ్ గ్రూపులో ముగ్గురు జిమ్‌లో చేరుతున్నారని విని రాస్తున్నాను. నిరుడు నేను చేరిన చోట ట్రైనర్ నా మోకాలి నొప్పి గురించి ఒక్క మాటైనా అడగలేదు. మొదటిరోజే భుజాల మీద బరువు పెట్టి గుంజీళ్లు తీయించాడు. మూడు వారాలు గోడ పట్టుకుని మెట్లు దిగాను.

కండలు చూసి నమ్మేయకండి. ఏసీఈ, ఏసీఎస్ఎం లాంటి అమెరికా ఫిట్‌నెస్ సంస్థలిచ్చే ట్రైనర్ సర్టిఫికెట్ ఉందా, సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) వచ్చా అని మొహమాటపడకుండా అడగండి. ఏసీఈ సర్టిఫికెట్‌ని 2 ఏళ్లకోసారి రెన్యూ చేయించుకోవాలి, తేదీ చూడండి. మంచి ట్రైనర్ ముందుగా పార్‌-క్యూ అనే 7 ప్రశ్నల ఫారం నింపిస్తారు. గుండె జబ్బు, ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, కీళ్ల బాధ అన్నీ అందులో ఉంటాయి. ఒక్కదానికి అవునన్నా డాక్టర్‌ని కలిసి రమ్మంటారు.

షుగర్ మందులు వాడే పెద్దవాళ్లు ఆ సంగతి మాత్రం దాచొద్దండీ. ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి, ఒక నెల చూడండి.