రిస్క్-ఫైవ్ అని రాసి ఉన్నంత మాత్రాన లినక్స్ నడవదు

సంపాదకులకు,

ఇంటెల్, ఆర్మ్ కాని ప్రాసెసర్ల మీద లినక్స్ నడపాలనుకునే విద్యార్థులు ముందు చూడవలసింది డబ్బా మీది పేరు కాదు, చిప్‌లో ఎంఎంయూ ఉందా లేదా అన్నది. ప్రతి ప్రోగ్రాముకూ విడిగా మెమరీ చూపించే భాగం అది. రిస్క్-ఫైవ్ అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోగల ప్రాసెసర్ ఆదేశాల ప్రమాణం. ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్ వారి ఏరీస్ బోర్డు స్వదేశీ రిస్క్-ఫైవే. కానీ అందులోని తేజస్32 చిప్‌కు ఎంఎంయూ లేదు, ఉన్న మెమరీ 256 కేబీ. సెన్సర్ల పనికి బాగుంటుంది, డెబియన్ లాంటి పూర్తి లినక్స్‌కు పనికిరాదు. ఈఎస్‌పీ32-సీ3 అనే చిన్న వైఫై చిప్ కూడా అంతే.

లినక్స్ కోసమే అయితే జేహెచ్7110 చిప్ ఉన్న విజన్‌ఫైవ్ 2 లాంటిది తీసుకోవాలి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13తో రిస్క్-ఫైవ్‌కు అధికారిక మద్దతు దొరికింది. మరో లినక్స్ అయిన ఉబుంటు మాత్రం 25.10 వెర్షన్ నుంచి చిప్‌లో ఆర్‌వీఏ23 అనే కొత్త ఆదేశాల సముదాయం ఉండాలంటోంది. ఈ చిప్‌కు అది లేదు కాబట్టి 24.04 దగ్గరే ఆగాలి.

తెర నల్లగా ఉంటే బోర్డు పోయిందనుకోకండి. బోర్డు పంపే సందేశాలు కంప్యూటర్‌లో చూడటానికి 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ కేబుల్ తగిలించండి: 6వ పిన్ను గ్రౌండ్, 8 టీఎక్స్ (పంపేది), 10 ఆర్ఎక్స్ (అందుకునేది), వేగం 115200 బాడ్. బోర్డు టీఎక్స్ కేబుల్ ఆర్ఎక్స్‌కు పోవాలి, కరెంటు ఇచ్చే ఎర్ర తీగ ఖాళీగా వదిలేయాలి. 5 వోల్టుల కేబుల్ పెడితే చిప్ కాలిపోవచ్చు. వరసగా ‘సీ’ అక్షరాలే వస్తుంటే బూట్ స్విచ్‌లు తప్పు స్థానంలో ఉన్నట్టు. సందేశాలు వచ్చి మధ్యలో ఆగితే ఫ్లాష్‌లోని పాత ఫర్మ్‌వేర్‌ను (బోర్డును మొదట లేపే ప్రోగ్రామును) అనుమానించండి.

డబ్బు పెట్టలేనివాళ్లు అటక మీది వైఫై రౌటర్ దించి చూడొచ్చు, పాతవాటిలో చాలావరకు మిప్స్ అనే మరో రకం ప్రాసెసరే. అడుగున అంటించిన చీటీలో వెర్షన్ చూడందే చెయ్యి పెట్టకండి. టీపీ-లింక్ డబ్ల్యూఆర్841ఎన్ 11వ వెర్షన్ క్వాల్‌కామ్ చిప్, బిగ్ ఎండియన్ (సంఖ్యలో పెద్ద విలువ బైటు ముందు). 13వది మీడియాటెక్, లిటిల్ ఎండియన్ (చిన్న విలువ బైటు ముందు). పేరు ఒకటే అని దీని ఫర్మ్‌వేర్ దానికెక్కిస్తే రౌటర్ ఇటుకరాయే. 13లో 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ ఉన్నాయి, సరిపోతాయి. 11లో ఉన్నవి 4, 32 మాత్రమే. రౌటర్ల కోసం చేసిన లినక్స్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అలాంటివాటిని 19.07 వెర్షన్‌తోనే వదిలేసింది. అయినా బైట్ల వరస తారుమారయ్యే తప్పులు బయటపడేది ఆ బిగ్ ఎండియన్ పాతదాని మీదే, పారేయకండి.

వేరే ప్రాసెసర్‌ను పీసీలోనే అనుకరించే క్యూఎంయూ చాలదా అంటే, బైట్ల వరసకు చాలు. వేగం కొలవడానికి చాలదు. ఇంటెల్ పీసీ మెమరీలో చదివే, రాసే క్రమాన్ని గట్టిగా పాటిస్తుంది కనుక ఒకేసారి నడిచే థ్రెడ్ల మధ్య తప్పులు కొన్ని అందులో దాక్కుంటాయి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు జీసీసీ కంపైల్ ఫామ్ అనే ఉమ్మడి కంప్యూటర్ల కేంద్రంలో పవర్, స్పార్క్ లాంటి ప్రాసెసర్లున్న నిజమైన యంత్రాల మీద ఉచితంగా లాగిన్ ఇస్తారు, అడగండి.

చవకగా వస్తోందని ఇంటెల్ వారి ఇటానియం చిప్ ఉన్న పాత సర్వర్ మాత్రం కొనకండి. 2024 జనవరిలో వచ్చిన లినక్స్ 6.7 నుంచే దానికి మద్దతు తీసేశారు.

– ఒక పాఠకుడు, హైదరాబాద్