హెల్ప్ డెస్క్‌లో పనిచేస్తున్న మా అమ్మాయికి

చిరంజీవి స్రవంతికి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను.

ఆదివారం ఫోనులో నువ్వు, సాయం కోసం మీకు ఫోన్ చేసేవాళ్ళ గురించి, "నాన్నా, వీళ్ళకు ఏమీ తెలియదు, పైగా చేయనివి కూడా చేశామని అబద్ధాలు చెబుతారు" అన్నావు. రోజంతా హెడ్‌ఫోను పెట్టుకుని ఒకే ప్రశ్నను పదిమందికి పదిరకాలుగా అడగవలసిన ఉద్యోగంలో విసుగు రావడం సహజమే. కానీ ఆ అబద్ధాలన్న మాట మాత్రం న్యాయంగా లేదనిపించింది. నిదానంగా చదువుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

ల్యాప్‌టాప్ నెమ్మదించిందని ఫోన్ చేసిన ఆ టీచరుగారి సంగతే తీసుకో. రీస్టార్ట్ చేశారా అని నువ్వు అడిగితే, రోజూ రాత్రి ఆపేసి పొద్దున్నే వేస్తున్నానని ఆవిడ చెప్పారు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కించి టాస్క్ మేనేజర్ తెరిపిస్తే, అప్ టైమ్ దగ్గర, అంటే మళ్ళీ మొదలుపెట్టకుండా ఎంతకాలంగా నడుస్తోందో చూపే చోట, 15 రోజులు దాటి కనిపించింది. అంతటితో ఆవిడ అబద్ధమాడారని నువ్వు తీర్మానించుకున్నావు. అయితే 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉన్నదని నీకు శిక్షణలో చెప్పే ఉంటారు. అది ఆన్‌లో ఉన్నప్పుడు షట్ డౌన్ నొక్కితే మనం తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, విండోస్‌కు మూలమైన కెర్నెల్, లోపలి పరికరాలను నడిపే డ్రైవర్లు అప్పటికి ఏ స్థితిలో ఉన్నాయో ఆ స్థితి డిస్కులో ఒక ఫైలుగా భద్రమై, మరునాడు స్విచ్ వేయగానే అదే తిరిగి మెమరీలోకి వచ్చి కూర్చుంటుంది. రీస్టార్ట్ నొక్కితేనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది. అంటే ఆవిడ ప్రతి రాత్రీ నిజంగానే మిషను ఆపారు. తెర మీద కనిపించిన లెక్క కూడా నిజమే. తెర నల్లబడి, ఫ్యాను శబ్దం ఆగిపోయాక, లోపల విండోస్ పూర్తిగా మూతపడలేదని ఏ మనిషి మాత్రం ఊహించగలడు? ఆ తికమక మిషను తయారుచేసినవాళ్ళు పెట్టినది, ఆవిడ పెట్టినది కాదు.

2005లో మన టెలిఫోను లైన్ల మీద బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్తలో ఎక్స్ఛేంజిలో ఫిర్యాదులు వినే పని నాకు పడింది. ఆ రోజుల్లో ఒక రైస్ మిల్లు గుమాస్తాగారు ఫోన్ చేసి, "ఫోను మోగితే నెట్ చచ్చిపోతోందండీ" అన్నారు. ఆయనకు మోడెం అన్న పేరు కూడా సరిగా పలకడం రాదు, కానీ రోగమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఒకే తీగ మీద మాటా, డేటా రెండూ వస్తాయి కనుక వాటిని విడదీసే స్ప్లిటర్ ఉండాలి. ఆ మిల్లులో పక్కగదికి లాగిన పారలల్ ఫోనును స్ప్లిటర్‌కు ముందే కలిపేశారు. తరువాత అందరినీ నేను ఒక్కటే అడిగేవాణ్ణి: మోడెం మీద ఏ దీపం నిలకడగా ఉంది, ఏది ఆరి వెలుగుతోంది? తీగ మీద సిగ్నల్ అందుతోందని చూపే డీఎస్ఎల్ దీపం నిలకడగా లేకపోతే లైన్‌మన్‌ను పంపాలి. అది నిలకడగా ఉండి ఇంటర్నెట్ దీపం వెలగకపోతే యూజర్ పేరో పాస్‌వర్డో చూడాలి. నువ్వు కూడా వాళ్ళకు ఏమి తెలుసునని అడగకు, ఏమి కనిపిస్తోందని అడుగు. "ఏ బ్రౌజర్?" అంటే బిక్కమొహం వేసేవారు కూడా, గుండ్రంగా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో ఉండి మధ్యలో నీలం చుక్క ఉన్న బొమ్మ అని ఠకీమని చెబుతారు.

ఒక్కో కాల్‌కు ఎన్ని నిమిషాలు పట్టిందో మీ పైవాళ్ళు లెక్క కడతారన్నావు. నీ కోపంలో సగం ఆ గడియారం వల్ల వచ్చినదేనని నా నమ్మకం. పని కాని మనిషి సాయంత్రం మళ్ళీ ఫోన్ చేస్తే అది ఇంకో కాల్ కింద జమ అవుతుందే తప్ప, మొదటిసారి ఆయనను హడావిడిగా పంపేసిన సంగతి ఏ లెక్కలోనూ కనిపించదు. అలాంటి లెక్క తప్పని నీ టీమ్ లీడర్‌తో మర్యాదగా అనడానికి వెనుకాడకు. ఇక బూతులు తిట్టేవాళ్ళను భరించవలసిన పని నీకు లేదు. ఒకసారి హెచ్చరించి సూపర్‌వైజర్‌కు బదిలీ చెయ్యి.

నాకు నిజంగా భయం కలిగించేది వేరే ఉంది. నీ దగ్గర చీవాట్లు తిన్నవారు మళ్ళీ నీకు ఫోన్ చేయడానికి మొహమాటపడి, నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతుక్కుంటారు. అక్కడ మోసగాళ్ళు పెట్టిన నంబర్లు కాచుకుని ఉంటాయి. వాళ్ళు విసుక్కోరు, ఎన్నిసార్లు అడిగినా ఓపికగా చెబుతారు, దూరం నుంచే మన ఫోనును వాళ్ళ చేతికిచ్చే ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి, అందులో వచ్చే అంకెలు చదివించుకుని, బ్యాంకు ఖాతా ఊడ్చేస్తారు. ఈ పద్ధతి గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. అందుకని ప్రతి కాల్ ముగించే ముందు మీ అసలు నంబరు కాగితం మీద రాయించు. ఓటీపీ మీరెప్పుడూ అడగరని చెప్పు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమని చెప్పు. దీనికి అర నిమిషం ఎక్కువ పడుతుంది, పట్టనీ.

ఇట్లు,
ఆశీస్సులతో,
నాన్న