మేస్త్రీకి అడ్వాన్సు ఎంత?

సంపాదకుడు గారికి,

మొన్న వేసవిలో బాత్‌రూమ్ టైల్స్ మార్పించడానికి ఒక మేస్త్రీతో లక్షా పది వేలకు మాట్లాడుకున్నాం. "మెటీరియల్ రేట్లు పెరుగుతున్నాయి సార్" అనగానే 70 వేలు ఒకేసారి యూపీఐలో పంపేశాను. నాదే తొందర. పాత టైల్స్ పగలగొట్టి వెళ్లారు, అంతే. నాలుగు రోజులు "రేపొస్తాం" అన్నారు, ఆపైన ఫోన్ స్విచాఫ్. నెల రోజులు బకెట్ పట్టుకుని పక్కింటికి వెళ్లాం.

రెండో మేస్త్రీతో పని, రేటు, గడువు కాగితం మీద రాసుకున్నాం. సిమెంటు, టైల్స్, పైపులు మేమే కొని బిల్లులు దాచాం. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక 24 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది స్లాబుకు చెమ్మ లేదని చూశాకే ఆ విడత ఇచ్చాం. ఆఖరి 10 వేలు పని ముగిసిన వారానికి. శనివారం కూలీల బట్వాడా మాత్రం ఆపలేదు, వాళ్ల పొట్ట కొట్టకూడదు కదా.

మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. ఈ సంగతి నాకు డబ్బు పోయాకే తెలిసింది. వార్డు సచివాలయాల్లో ఒక బోర్డు పెట్టించాలని అధికారులను కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, విజయవాడ