విజయవాడ మెట్రో లెక్కలు ప్రజల ముందు పెట్టాలి

సంపాదకులకు నమస్కారాలు.

విజయవాడ మెట్రో రైలు తొలి దశలో 38.4 కిలోమీటర్ల మార్గానికి రూ.11,009 కోట్లు అవసరమని, 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన సమగ్ర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) చెబుతోంది. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి గన్నవరానికి ఒక కారిడారు, అక్కడి నుంచే పెనమలూరుకు మరొకటి ప్రతిపాదించారు. సాయంత్రం ఆరు దాటాక ఏలూరు రోడ్డు మీదనో బందరు రోడ్డు మీదనో ప్రయాణించే వారెవరూ ఈ నగరానికి మెరుగైన ప్రజా రవాణా అక్కర్లేదని అనరు, నేనూ అనను. అయితే రోజుకు ఎంతమంది ఎక్కుతారని లెక్క వేశారు, ఆ లెక్క తప్పితే ఏటా వచ్చే లోటును ఎవరు పూడుస్తారు అన్న రెండు ప్రశ్నలపై ఊళ్లో బహిరంగ చర్చ జరగకుండానే టెండర్ల దాకా వెళ్లడం నాకు ఆందోళన కలిగిస్తోంది.

ఈ ఆందోళనకు కారణం హైదరాబాద్ అనుభవం. 2008లో అక్కడి మెట్రో కాంట్రాక్టు దక్కించుకున్న మైటాస్ కూటమి, ప్రభుత్వం నుంచి ఒక్క రూపాయి సాయం అడగకపోగా, తామే ప్రభుత్వానికి రూ.30,311 కోట్లు చెల్లిస్తామని ముందుకొచ్చింది. టికెట్ల మీద అంత ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందన్న అనుమానంతో, అప్పటి ఢిల్లీ మెట్రో సారథి ఇ.శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి లేఖ రాసి, ఇది రైలు కంటే భూముల మీద ఆధారపడిన వ్యవహారమని హెచ్చరించారు. ఆయన ప్రశ్నకు లెక్కలతో జవాబు చెప్పాల్సిన నాటి రాష్ట్ర ప్రభుత్వం, ఆయనే క్షమాపణ చెప్పాలని పట్టుబట్టింది. మైటాస్ యజమానుల కుటుంబానికే చెందిన సత్యం కంప్యూటర్స్‌లో కుంభకోణం బయటపడ్డాక 2009 జూలైలో ఆ ఒప్పందం రద్దయింది. మరుసటి ఏడాది ఎల్ అండ్ టీ వచ్చింది. ఈసారి కేంద్రం రూ.1,458 కోట్ల లోటు భర్తీ నిధి ఇవ్వడానికి అంగీకరించింది, స్టేషన్లు, డిపోల దగ్గర వాణిజ్య అవసరాలకు 269 ఎకరాలు కేటాయించారు.

2017 నవంబరులో రైళ్లు మొదలయ్యాయి. రోజుకు 15 లక్షల మంది ప్రయాణిస్తారన్న తొలి అంచనాకు, ఇన్నేళ్ల తర్వాత కూడా ఐదు లక్షలకు అటూ ఇటూగా ఆగిపోయిన వాస్తవానికి ఎక్కడా పొంతన లేదు. కరోనా దెబ్బ తీసిన మాట నిజమే, పాతబస్తీ మార్గం కట్టని మాటా నిజమే. అయినా మూడింట రెండు వంతుల తేడాను ఆ రెంటికే అంటగట్టలేం. 2024-25లో ఎల్ అండ్ టీ మెట్రో సంస్థ నష్టం రూ.600 కోట్లు దాటింది. 2025 మేలో ఛార్జీలు పెంచినా గట్టెక్కలేక సంస్థ తప్పుకుంటానంది. సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం దాదాపు రూ.13,000 కోట్ల అప్పును తన నెత్తిన వేసుకుని, వాటాలకు మరో రూ.2,000 కోట్లు చెల్లించడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. నష్టభయమంతా ప్రైవేటు సంస్థదేనని ఏళ్ల తరబడి చెప్పిన ప్రాజెక్టు చివరికి ఖజానా గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. అరవై లక్షల జనాభా దాటిన మహానగరంలో, ఐటీ ఉద్యోగులతో కిక్కిరిసే మార్గంలో జరిగింది ఇది. 2011 జనగణన నాటికి పది లక్షల పైచిలుకు జనం ఉన్న విజయవాడలో పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉంటుందని నమ్మాలంటే గట్టి ఆధారం కావాలి. మనతో పోల్చదగిన కొచ్చిలో డీపీఆర్ రోజుకు సుమారు 3.8 లక్షల మంది వస్తారన్నది, 2017లో మొదలైన ఆ మెట్రోలో ఇప్పటికీ ఎక్కుతున్నది లక్ష మంది దరిదాపుల్లోనే.

ఇది మన దేశానికే పరిమితమైన జబ్బు కాదు. డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లైవ్‌బెర్గ్ బృందం 14 దేశాల రవాణా ప్రాజెక్టులను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, రైలు ప్రాజెక్టులకు వచ్చిన ప్రయాణికులు సగటున అంచనాలో సగం మందేనని తేలింది. అంచనా వేసేవారికి ప్రాజెక్టు మంజూరైతే చాలు, లెక్క తప్పితే వారిని అడిగేవారు లేరు. కాబట్టి పొరపాటు ఎప్పుడూ ఎక్కువ వైపే మొగ్గుతుందని నా అభిప్రాయం.

ఇక మన రాష్ట్రానికే సంబంధించిన విషయం ఒకటుంది. డీపీఆర్‌కు ఆమోదం లభించిన ఎనిమిది నెలలకు, 2025 ఆగస్టు 15న, స్త్రీ శక్తి పథకం మొదలై సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. నేను ఆ పథకాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కూలి పనికి, కాలేజీకి, ఆస్పత్రికి వెళ్లే ఆడవాళ్ల చేతిలో నెలకు కొంత సొమ్ము మిగలడం చిన్న విషయం కాదు. కానీ అదే రోడ్డు మీద కింద ఉచిత బస్సు నడుస్తుంటే, పైన టికెట్ కొని రైలెక్కే మహిళలు ఎందరుంటారు? తెలంగాణలో ఉచిత బస్సు ప్రయాణం తమ ప్రయాణికులపై ప్రభావం చూపిందని హైదరాబాద్ మెట్రో నిర్మాణ సంస్థ ప్రతినిధే బహిరంగంగా చెప్పారు. మన డీపీఆర్ అంచనాల్లో ఈ మార్పును లెక్కలోకి తీసుకున్నారా, లేదా అన్నది అధికారులు స్పష్టంగా చెప్పాలి.

విజయవాడ వాసులకు గుర్తు చేయనక్కర్లేని ఉదాహరణ సత్యనారాయణపురం మీదుగా వెళ్లే, బస్సుల వేగవంతమైన రవాణాకని వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం (కేంద్ర పట్టణ పునరుద్ధరణ పథకం) నిధులతో బస్సుల కోసమే మధ్యలో ప్రత్యేక వరుసలు వేశారు, వాటిలో బస్సులు నిలకడగా నడిచింది లేదు. పేరు మాత్రం మిగిలింది. గడువుల సంగతికొస్తే, 2016 కృష్ణా పుష్కరాల నాటికి సిద్ధం చేస్తామన్న కనకదుర్గ ఫ్లైఓవర్ 2020 అక్టోబరులో గానీ తెరుచుకోలేదు. రెండున్నర కిలోమీటర్ల వంతెనకే అంత కాలం పట్టినప్పుడు, బందరు రోడ్డు దుకాణదారులు, ఆటోవాలాలు, అంబులెన్సులు ఎన్నేళ్లు తవ్వకాల మధ్య బతకాలో కూడా వ్యయంలో భాగంగానే చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్న నగరం మనది. వరద కట్టడికీ, వాన నీటి కాలువలకూ అదే ఖజానా నుంచి డబ్బు రావాలి.

కేంద్రం 2017లో తెచ్చిన మెట్రో రైలు విధానం ప్రకారం, మెట్రోను ఎంచుకునే ముందు బీఆర్‌టీఎస్, ట్రామ్, లైట్ రైల్ వంటి ప్రత్యామ్నాయాలతో పోల్చి చూడటం తప్పనిసరి. ఆ పోలికను, కారిడార్ల వారీగా ప్రయాణికుల అంచనాను, రుణ వాయిదాలు మొదలయ్యాక రాష్ట్రంపై, నగరపాలక సంస్థపై ఏటా పడే భారాన్ని తెలుగులో ప్రచురించాలని కోరుతున్నాను. ఈలోగా ఇవే రెండు మార్గాల్లో ఒక ఏడాదిపాటు రద్దీ వేళల్లో నాలుగైదు నిమిషాలకో ఎలక్ట్రిక్ బస్సు నడిపి చూడవచ్చు. అందుకయ్యే ఖర్చు మెట్రో వ్యయంలో చిన్న భాగం, పైగా ఎంతమంది ఎక్కుతారన్నది కాగితం మీద కాకుండా రోడ్డు మీదే తెలుస్తుంది. తొలి నిర్మాణ ఒప్పందంపై సంతకాలు చేయకముందే తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, డీపీఆర్ తయారుచేసిన నిపుణులను అక్కడ జవాబు చెప్పడానికి పిలవాలని ప్రభుత్వానికి మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ